మంత్రిగారు కారుకు వ్యాక్స్ పూసిన వైనం

తన ప్రభుత్వ కారుకు ఇకపై తానే స్వయంగా, స్వహస్తాలతో వ్యాక్స్ పూసుకుంటానని రవాణా మంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టి మరీ ప్రకటించారు. ఇందులో స్వార్థం ఇసుమంతైనా లేదు. మంత్రివర్గాన్ని మార్చబోతున్న పెద్దాయన మొన్ననే, "చేతులు కదపనివాళ్లు ఇంటికి పోతారు" అన్నారు. మంత్రిగారికి ఇంటికి పోవడమంటే హడలు. అక్కడ ఆయన మాట వినేవాళ్లు ఒక్కరూ లేరు.

మర్నాడు పొద్దున ఆఫీసు ముందు చెట్టు కింద నల్లకారు ఆపారు. ముఖ్యకార్యదర్శి మొదలు అటెండర్ల దాకా అందరూ చుట్టూ నిలబడ్డారు. పీఏ వ్యాక్స్ డబ్బా తిప్పి వెనక రాసింది చదివాడు.

"ముందు శుభ్రంగా కడగాలంట సార్. నీడలోనే పూయాలంట. పల్చగా కొంచెం మేర పూసి, ఆరి తెల్లబడగానే తుడిచెయ్యాలంట."

"నీడలో మొహం నల్లగా పడుతుంది," అన్నాడు ఫొటోగ్రాఫర్.

ప్రభుత్వంలో ఫొటోగ్రాఫర్ మాటకు తిరుగులేదు. కారును ఎండలోకి తెచ్చారు.

"మరి కడగడం?" అన్నాడు పీఏ.

"పూస్తానన్నానయ్యా. కడుగుతానని ఎక్కడన్నాను?" అన్నారు మంత్రిగారు. ఆయన మాట మీద నిలబడే మనిషి.

స్పాంజి నిండా వ్యాక్స్ తీసుకుని బానెట్ మీద సున్నాలు చుడుతూ రుద్దారు. కింద దుమ్ము కరకరలాడింది.

"ఏమిటయ్యా ఆ చప్పుడు?"

"పని జరుగుతున్న చప్పుడు సార్," అన్నారు ముఖ్యకార్యదర్శి. ఆయన సర్వీసులో ఆ చప్పుడు వినడం అదే మొదలు.

బానెట్ తెల్లబడింది. మంత్రిగారు తుడుద్దామని గుడ్డ తీయగానే పీఏ ఫోను మోగింది. పెద్దాయన ఇటే వస్తున్నారట.

"ఇప్పుడే తుడిచేస్తే ఆయన వచ్చేసరికి నేను ఖాళీగా కనబడనూ?" అని మంత్రిగారు పూసినదాని మీదే మళ్లీ పూశారు. పెద్దాయన రాలేదు. తలుపులు పూశారు. రాలేదు. టాపు, నంబరు ప్లేటు, చివరికి అద్దాలు కూడా పూసేశారు. నల్లకారు సున్నం కొట్టిన గోడలా తయారైంది.

"అద్దంలోంచి లోపల ఏమీ కనబడట్లేదేంటి సార్?" అని అడిగాడు ఒక విలేకరి.

"ఇది పారదర్శకత పూత," అన్నారు మంత్రిగారు. విలేకరి రాసుకున్నాడు.

ఎండ ముదిరింది. ఇక ఆగలేక మంత్రిగారు గుడ్డతో రుద్దారు. వ్యాక్స్ కదల్లేదు. గోటితో గీకారు. అట్టకట్టి కూర్చుంది. పెద్దాయన ఈ అవతారం చూస్తే కొంప మునిగినట్టే. గుడ్డ తడిపి, మోకాళ్ల మీద కూర్చుని, తలుపును నిజంగానే తోమడం మొదలుపెట్టారు. చెమట కళ్లలోకి కారుతున్నా తలెత్తలేదు. పదవిలోకి వచ్చాక ఇంత మనసు పెట్టి ఆయన ఏ పనీ చేసి ఎరగరు.

పీఏ ఫోను మళ్లీ మోగింది. అతను విని, "అలాగేనండి" అని, చొక్కా పైగుండీ పెట్టుకుని గేటు వైపు పరుగెత్తాడు. వెనకే ముఖ్యకార్యదర్శి, ఆయన వెనక అటెండర్లు, అందరి వెనకా ఫొటోగ్రాఫరూ వెళ్లారు. గేటు దగ్గర దిగింది పెద్దాయన కాదు, పూలగుత్తి పట్టుకున్న ఇంకో పెద్దమనిషి.

"కొత్త మంత్రిగారికి శాఖ తరఫున స్వాగతం," అన్నారు ముఖ్యకార్యదర్శి.

"ప్రమాణానికి టైమవుతోంది. నా కారు రెడీయేనా?"

"అయిపోవచ్చింది సార్," అని పీఏ ఇటు తిరిగి గొంతు పెంచాడు.

"అన్నా, ముందు అద్దం తుడిచెయ్. సార్ బయల్దేరాలి."