జిప్పుకు జై కొట్టిన చుట్టాలు

వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకు చుట్టాలను మించిన వరం లేదు. బ్యాంకువాడిలా కాగితాలు అడగరు. మీ ఆలోచన సగం వినకముందే బ్రహ్మాండం అనేస్తారు. ఇంత ఉదారంగా ఇంకెవరుంటారు చెప్పండి? నమ్మకం కుదరకపోతే మిషను పిన్ని సంగతి వినండి.

మిషను పిన్ని సంచులు కుట్టే వర్క్‌షాపులో జిప్పుల పని చేసేది. ఎంత మొండి జిప్పైనా ఆమె చేతిలో పడితే, పెళ్ళైన వారంలో అల్లుడిలా చెప్పినట్టల్లా వినేది. ఆ వర్క్‌షాపు ఊరవతలికి మారుతోంది. వస్తావో, మానేస్తావో నెలాఖరుకల్లా చెప్పమన్నాడు యజమాని.

మానేసి, ఇంట్లో వీధి కిటికీ దగ్గర మిషను వేసుకుని, జిప్పులు మాత్రమే బాగుచేసే కొట్టు పెడితే? భర్త పోయాక ఇల్లు ఆమె చేతుల మీదే నడుస్తోంది. తప్పటడుగు వేస్తే పట్టుకునేవాళ్ళు లేరు. అందుకని బావగారిని అడిగింది. ఆయన జన్మలో ఏ వ్యాపారమూ చెయ్యలేదు. కనుక అన్ని వ్యాపారాల గురించీ సాధికారంగా మాట్లాడగలడు.

"ముందు మార్కెట్ టెస్టింగ్ చెయ్యాలమ్మా. నాకొదిలెయ్," అన్నాడాయన.

ఆదివారానికి చుట్టాలంతా పిన్ని ముందుగదిలో ఉన్నారు. కుర్చీలు చాలక మంచం అంచున నలుగురు సర్దుకున్నారు.

"జిప్పు పాడైతే ఈవిడ దగ్గరికి వస్తారా?" అని అడిగాడు బావగారు.

చేతులన్నీ లేచాయి. ప్రశ్న సరిగ్గా వినపడని పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తింది. "నూటికి నూరు దాటిందమ్మా," అన్నాడు బావగారు గర్వంగా.

ఇక టెస్టింగ్ ఊపందుకుంది. బోర్డు ఎర్రగా ఉండాలంది తోడికోడలు. నీలమే హుందా అన్నాడు మరిది. అంతటితో ఆగక మాటల్లోనే నాలుగు బ్రాంచీలు తెరిచేసి, మూడోదానికి తన బావమరిదిని మేనేజరుగా వేసేశాడు. పిన్ని ఆనందంగా అందరికీ రెండోసారి కాఫీ పోసింది.

అప్పుడామె కన్ను తోడికోడలి ఒళ్ళోని హ్యాండుబ్యాగు మీద పడింది. జిప్పు ఊడిపోతే పిన్నీసులు గుచ్చి నెట్టుకొస్తోంది.

"అక్కా, అది ఇలా ఇచ్చి వెళ్ళు. రేపటికి చేసిపెడతా. కూలి మామూలు రేటే."

తోడికోడలు బ్యాగు దగ్గరికి లాక్కుంది. "దీనికేం చెల్లీ, బాగానే నడుస్తోందిగా."

"మీ ప్రయాణం పెట్టె, బావగారూ? తాడేసి కట్టారు కదా."

"తాడైతేనే గట్టిగా ఉంటుందమ్మా."

"అయినా మనలో మనకి కూలేంటి వదినా?" అని నవ్వాడు మరిది.

ఇంకెవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఒకరికి బస్సు గుర్తొచ్చింది. ఇంకొకరికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. చూస్తుండగానే గది ఖాళీ అయింది. పిన్ని ఒక్కతే కుర్చీలు సర్దుతూ ఉండిపోయింది. ఆలోచనే పనికిరానిదో, తను అడిగినవాళ్ళే పనికిరానివాళ్ళో ఆమెకు అర్థం కాలేదు.

తేల్చుకోవాలని, సెలవురోజు చూసి బస్టాండుకు వెళ్ళింది. చెప్పులు కుట్టే తాతను అడిగి ఆయన పక్కనే స్టూలు వేసుకుంది. అట్టముక్క మీద 'జిప్పులు బాగుచేస్తాం' అని రాసిపెట్టింది. చాలాసేపు ఈగ కూడా వాలలేదు. లేచి పోదామనుకుంటుండగా, జిప్పు ఊడిన సూట్‌కేసులోంచి చొక్కాలు వేలాడుతున్న మనిషొకడు పరుగున వచ్చాడు.

"బస్సు కదిలేలోపు అవుతుందా?"

అయింది. డబ్బులిచ్చి ఎక్కేశాడు, థాంక్స్ కూడా చెప్పలేదు. తర్వాత ఓ నర్సు వచ్చింది. ఇంత రేటా అని సణిగింది, పని ఆలస్యమైందని విసుక్కుంది. సాయంత్రానికల్లా ఇంకో రెండు బ్యాగులు తెచ్చింది.

అక్కడ ఒక్కరైనా ఆలోచన బ్రహ్మాండం అనలేదు. పిన్ని ఆ వారమే యజమానికి మానేస్తున్నానని చెప్పేసింది.

ఇప్పుడా వీధి కిటికీకి తీరిక లేదు. తమ టెస్టింగ్ వల్లే కొట్టు నిలబడిందని చుట్టాలు ఊరంతా చెప్పుకుంటున్నారు. పిన్ని కాదనదు. ఈమధ్య గొడుగులు కూడా బాగుచేస్తే ఎలా ఉంటుందా అని ఆమెకు అనిపించింది. మాట బావగారి చెవిన పడింది.

"అందర్నీ పిలవనా అమ్మా?" అన్నాడాయన ఉత్సాహంగా.

"వద్దు బావగారూ," అంది పిన్ని వినయంగా. "ఇది నిజంగానే చేద్దామనుకుంటున్నా."