చెరసాల ముందు వరస

పదకొండు కావస్తోంది. తన సొంత మ్యూజియం ముందున్న వరసలో క్లైవ్ థాక్రే చిట్టచివర నిలబడి ఉన్నాడు. అతని ముందు రెండు వందల మంది. మ్యూజియం తలుపుకు తాళం. తాళంచెవి క్లైవ్ కోటు జేబులో.

పొద్దున అతను వేసిన పథకం చాలా చిన్నది. స్కెల్డర్‌బీలో గురువారం సంత. ఊరు చూడవచ్చిన వాళ్లంతా మ్యూరియల్ హాడక్ నడిపే చర్చి గోపురం ఎక్కడానికి బారులు తీరతారు. దానికి ఎదురుగా, ఒకప్పుడు గొర్రెల దొంగల్ని పెట్టిన ఒంటిగది చెరసాలను క్లైవ్ పన్నెండేళ్లుగా మ్యూజియంగా నడుపుతున్నాడు. పోయిన వారం ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు మరుగుదొడ్డి ఎక్కడని అడగడానికి.

ఈరోజు జిల్లా అధికారి వస్తోంది. పెద్ద రోడ్డు మీద పెట్టే దారి బోర్డు గోపురం, చెరసాల రెండింటిలో ఆవిడ మెచ్చిన ఒక్కదానికే. పన్నెండేళ్లుగా క్లైవ్ కలలో కనిపిస్తున్న బోర్డు అది.

అందుకని తొమ్మిదిన్నరకు భార్య ఎడ్నాను, బావమరిది నార్మన్‌ను తలుపు ముందు ఒకరి వెనక ఒకర్ని నిలబెట్టాడు.

"ఎవరడిగినా ఏం చెప్పొద్దు. నేనొచ్చేదాకా కదలొద్దు."

"నువ్వెక్కడికి?"

"మ్యూరియల్ దగ్గర ఎంతమంది ఉన్నారో చూసొస్తా."

ఆ ఊళ్లో ఇద్దరు ఒకరి వెనక ఒకరు నిలబడితే మూడోవాడు వచ్చి చేరతాడు. దేనికని అడగడం మర్యాద కాదు. క్లైవ్ గోపురం వెనక నక్కి, గంటసేపు ఖాళీ మెట్లు చూసి కడుపు చల్లబడి తిరిగొచ్చేసరికి వరస చేపల బండిని చుట్టి, ఒకప్పుడు వెన్న అమ్మిన పాత మండపం దాటి, రోడ్డుకు అడ్డంగా పడుకుంది.

తలుపు వైపు నడవబోతుంటే ఒక ముసలావిడ చేతికర్ర వంపుతో అతని మోచెయ్యి పట్టి ఆపింది.

"నాయనా, వరస ఇక్కణ్నుంచి."

"ఆ మ్యూజియం నాదేనమ్మా."

"పోస్టాఫీసులో మొన్నొకడు పోస్టాఫీసే తనదన్నాడు. నా వెనక నిలబడు."

నిలబడ్డాడు. కాసేపటికి టీ పళ్లెంతో మ్యూరియల్ వచ్చింది.

"నీ పుణ్యమా అని గోపురం కిటకిటలాడుతోంది క్లైవ్. ఈ వరస దేనికో పైనుంచి చూస్తామని ఒకటే గోల. టీ తాగుతావా?"

"వద్దు."

"మొహం పాలిపోయింది. తాగు."

ఆమె నడకలోని హుషారు చూసి క్లైవ్‌కు ఒళ్లు మండిపోయింది. తను వేసిన విత్తనం, ఆవిడ కోసుకుంటున్న పంట.

ఆమె వెళ్లాక ఒక సన్నటి స్త్రీ ఫైలుతో వచ్చి క్లైవ్ వెనక నిలబడింది. ఫైలు మీద జిల్లా ముద్ర. ఉత్తరాల్లో తప్ప ఆమె అతన్ని ఎరగదు. క్లైవ్ చొక్కా కాలరు సర్దుకుని నోరు తెరిచాడు. ఆమే ముందు మాట్లాడింది.

"నా బస్సు అరగంటగా ఆగిపోయింది. దిగి నడిచొచ్చాను. ఈ దారి మూసేసిన వాళ్లెవరో గానీ, వాళ్లకు ఈ జన్మలో బోర్డు రాదు. వరస మొదలుపెట్టింది ఎవరో కాస్త ముందువాళ్లను అడుగుతారా?"

క్లైవ్ నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, ముసలావిడకు చెప్పాడు. ప్రశ్న మనిషి నుంచి మనిషికి పాకుతూ మండపం దాటి, చేపల బండి చుట్టూ తిరిగి తలుపు దాకా వెళ్లింది. గంటన్నరగా నిలబడి కాళ్లు వాచిపోయిన ఎడ్నా ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. జవాబు అదే దారిన వెనక్కి బయలుదేరింది.

ముసలావిడ తిరిగి, అతని చెవిలో ఆ పేరు చెప్పింది.

"వెనక్కి చెప్పు."

మ్యూరియల్ హాడక్ అన్న పేరు క్లైవ్ నాలుక చివరిదాకా వచ్చింది. ముసలావిడ కర్రతో అతని బూటు మీద తట్టింది.

"ఉన్నదున్నట్టు చెప్పు నాయనా. వరసలో మాట మార్చకూడదు."

అధికారి పెన్ను తీసి ఎదురుచూస్తోంది.

"క్లైవ్ థాక్రే అటండీ" అన్నాడు క్లైవ్ థాక్రే.