మసిరాజు ముసుగు, కొత్తిమీర కట్ట

ఆ శనివారం రవీందర్ కోరిక చాలా చిన్నది. పదింటికి టీవీ ముందు కూర్చుని 'పిడుగు దండు' కార్టూన్ ఆఖరి భాగం చూడాలి. చిన్నప్పుడు హఫీజ్‌పేట్‌లో, దుష్టుడైన మసిరాజు ముసుగును దండు నాయకుడు లాగే క్షణానికి సరిగ్గా కరెంటు పోయింది. ముసుగు వెనక ఎవరున్నారో తెలియకుండానే అతను ఇంజనీరయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, గోపన్‌పల్లిలో ఫ్లాటు కొన్నాడు, నానక్‌రామ్‌గూడలో టీమ్ లీడయ్యాడు. టీమ్ లీడే గానీ, ఆ విషయంలో మాత్రం ఒక్క లీడూ దొరకలేదు. ఇన్నేళ్లకు టీవీవాళ్లు దాన్ని మళ్లీ వేస్తున్నారు, ఒక్కసారే.

"గా బొమ్మలల్ల ఏమున్నదని గింత పరేషాన్ అయితున్నవ్?" అంది ప్రశాంతి, ఉప్మా ప్లేటు అందిస్తూ.

"అట్ల అనకు! ఎగిరేటోనికి ఎత్తంటే భయం. మాయమయ్యేటోనికి తుమ్ములు. ఒక్కొక్కడు ఉత్త సగమే, ఐదుగురు కలిస్తేనే పూరా. ఇగ ఇంకోటి, లోకాన్ని కాపాడేముందు ఒక్కడు గూడ మీటింగ్ పెట్టడు!"

ఉప్మా కన్నా వేడి మీదున్న రవీందర్, ఫోన్‌లో చిన్ననాటి దోస్తుల గ్రూపనుకుని దండు నాయకుడి కేక పెట్టాడు: "నగరం ప్రమాదంలో ఉంది! అందరూ కదలండి!" దోస్తుల గ్రూపుకు పిడుగు బొమ్మ. ఖర్మకొద్దీ, ఆఫీసులో సర్వర్లు పడిపోతే అందరినీ లేపే అత్యవసర గ్రూపుకూ పిడుగు బొమ్మే. పిడుగు పక్కింట్లో పడింది.

ఆ అత్యవసర గ్రూపులో ఒక ఆచారముంది. ఏమైందని ఎవరూ అడగరు. అడిగినవాడి మెడకే ఆ పని చుట్టుకుంటుంది. అందుకే అందరూ "చూస్తున్నాం" అంటారు, ఏం చూడాలో మాత్రం చూసుకోరు. రవీందర్ నాలుక కరుచుకునేలోపే "చూస్తున్నాం"లు వానలా కురిశాయి. "అందరూ కాల్‌లోకి రండి" అన్నారు పెద్దబాసు సీతారామాంజనేయులు గారు.

"జర ఆగుండ్రి, అది నేను..." అని మొదలుపెట్టాడు రవీందర్.

"ఉండప్పా, ఇప్పుడు మాట్లాడొద్దు. నా పక్క అంతా బాగుండాది!" అన్నాడు డేటాబేసు శ్రీనివాసులు. మిగతావాళ్లూ తమ పక్క బాగుందనే అన్నారు. అందరి పక్కా బాగుందంటే జబ్బు బాగా లోతుగా ఉందని అందరూ హడలిపోయారు.

"అన్నీ ఒకసారి ఆపి మళ్లీ పెడదామా?" అన్నాడు శ్రీనివాసులు. ఆపారు. ఆపినంత సులువుగా అవి లేవలేదు. నగరమంతా పాలూ కూరగాయలూ తెప్పించుకునే వాళ్ల కంపెనీ యాప్ సర్వర్లు సర్వం బందయ్యాయి.

"ఏందయ్యా, కొత్తిమీర ఆర్డర్ పోతలేదు!" వంటింట్లోంచి ప్రశాంతి కేక. నగరం నిజంగానే ప్రమాదంలో పడింది.

పదయింది. ఒళ్లో ల్యాప్‌టాప్, ఎదురుగా మూగ టీవీ. కన్నొకటి అటు, కన్నొకటి ఇటు పెట్టి రవీందర్ పనిచేశాడు. చివరికి టీవీలో ఐదుగురూ మసిరాజును చుట్టుముట్టారు. నాయకుడి చేయి ముసుగు మీద పడింది.

"రవీందర్, ఈ ఎర్రగీత చూడప్పా!" అన్నాడు శ్రీనివాసులు.

చూశాడు. తప్పు సరిచేశాడు. సర్వర్లు లేచాయి. తల తిప్పేసరికి టీవీలో ఐదుగురూ చేతులూపుతున్నారు.

"అందరూ వెళ్లొచ్చండి. రవీందర్ గారూ, మీరొక్కరు ఆగండి." కాల్ మొదలయ్యాక బాసు గారు నోరు తెరవడం అదే మొదలు.

"సర్వర్లు పడకముందే హెచ్చరించారేమండీ?"

"సార్, అది కార్టూన్ల మాట. గ్రూపు తప్పింది. మాఫ్ చేయండి సార్."

"తెలుసండీ. కాల్‌లోకి రమ్మన్నాకే ఆ కేక ఎక్కడిదో గుర్తొచ్చి నేనూ టీవీ పెట్టాను. అందుకే ఇందాకటిదాకా మాట్లాడలేదు."

రవీందర్‌కు ఉద్యోగం గుర్తురాలేదు. "సార్! ముసుగెనక ఎవరున్నరు సార్?"

బాసు గారు నిట్టూర్చారు. "అదే మిమ్మల్ని అడుగుదామని ఆపానండీ. సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఫోను పట్టుకుని టీవీకి అడ్డంగా నిలబడింది. మన యాప్‌లో పాలు రావట్లేదట."

"గా నల్ల ముసుగోడా?" వెనక నుంచి ప్రశాంతి గొంతు. "కొత్తిమీర లేక పని ఆగింది గదా, ఈడనే నిలబడి జూసిన."

"ఎవరే వాడు? చెప్పు!"

"ఇగ నీ యాప్‌ను నమ్మ. ఫస్టు పోయి కొత్తిమీర తే. చెప్త."

నగరాన్ని కాపాడిన వీరుడు సంచి అందుకుని మెట్లు దిగాడు. సీతారామాంజనేయులు గారు మాత్రం కాల్ కట్ చేయలేదు.