నీలం పెన్సిల్‌తో పోయిన ప్రాణం

మధ్యాహ్నంలోగా జాబితా ముగించి పైఅంతస్తులో ఇచ్చేసి, చలి ముదరకముందే ఇల్లు చేరాలని లారిసా కోవల్ ఆ ఉదయం అనుకుంది. కెనడాలోని మానిటోబాలో ఫిబ్రవరి చలి ఎవరి మొహమూ చూడదు. రెడ్‌ఫెర్న్ యూనివర్సిటీ ప్రెస్‌కి నూరేళ్ళు నిండుతున్నాయి. నేలమాళిగలోని పాత పెట్టెలన్నీ తెరిచి, ఏ రచయిత ఉన్నారో, ఎవరు పోయారో ఆమె రాసివ్వాలి. శుక్రవారంతో ఆమె ఆరునెలల పరీక్షాకాలం ముగుస్తుంది. ఒక్క తప్పు దొర్లినా ఉద్యోగం ఉండదని డైరెక్టర్ ఫెర్గస్ టల్లక్ నవ్వుతూనే చెప్పాడు.

ఒక పెట్టె మీద నీలం పెన్సిల్‌తో "థోర్వాల్డ్‌సన్. డెడ్. 1974" అని ఉంది. అచ్చుపనివాళ్ళకి ఆ మాట మామూలే. అక్షరాలు కూర్చడం అయిపోయి, ఇక పనిలేని రాతప్రతిని వాళ్ళు డెడ్ అంటారు. లారిసా మాత్రం పదకొండేళ్ళు ఆసుపత్రి రికార్డులు చూసి వచ్చిన మనిషి. అక్కడ ఆ మాటకి రెండో అర్థం లేదు. రచయిత్రి పేరు పక్కన "మరణం: 1974" అని శ్రద్ధగా ఎక్కించింది.

ఫెర్గస్ ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. నాచుల మీద అంత లావు పుస్తకం రాసిన సిగ్రిడ్ థోర్వాల్డ్‌సన్ పోయి యాభై ఏళ్ళయినా, ప్రెస్ ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదని తెగ సిగ్గుపడ్డాడు. కుటుంబానికి సంతాపలేఖ పంపాడు. గురువారం సంస్మరణ సభ పెట్టించి, ఫొటోకి నల్ల రిబ్బను కట్టించాడు. వృక్షశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన, ఆవిడ అంత్యక్రియలకి తాను వెళ్ళాననీ, ఆ రోజు మంచు మోకాళ్ళ దాకా ఉందనీ చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

గురువారం సభ మొదలవుతుండగా ఎనభై ఆరేళ్ళ ముసలావిడ తలుపు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో పొరల కేకు, రెండో చేతిలో ఆ సంతాపలేఖ. లేఖ నిండా ఎర్రసిరా దిద్దుబాట్లు.

"పోతే పోయాను గానీ, నా పేరైనా సరిగ్గా రాయలేరా?" అంది ఫెర్గస్‌తో.

అంత్యక్రియల ప్రొఫెసర్ కుర్చీ కింద దేనికోసమో వెతకడం మొదలుపెట్టాడు. లారిసా ముందుకొచ్చి, తప్పు తనదేననీ, పెట్టె మీద మాట చూసి పొరబడ్డాననీ ఒప్పుకుంది. ఏ మాట అని ఆవిడ అడిగింది.

"డెడ్ అని ఉందమ్మా."

ముసలావిడ కుర్చీలో కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. చచ్చింది తన రాతప్రతేనని చెప్పింది. ఫెర్గస్ మొహం కందగడ్డయింది. రేపటినుంచి రానక్కర్లేదని లారిసాతో అనబోతుంటే ఆవిడ చెయ్యెత్తింది.

"ఈ పిల్లని ఏమీ అనకండి. రెండో పుస్తకం ఎప్పుడిస్తారని మీ ఒప్పందాల విభాగం యాభై ఏళ్ళుగా ప్రతి డిసెంబరులో నాకు ఉత్తరం రాస్తోంది. దాని భయానికి నాకు క్రిస్మస్సే లేకుండా పోయింది. నేను పోయానని ఆఫీసు కాగితం మీద రాసిన పుణ్యాత్మురాలు ఈమె ఒక్కతే. దయచేసి దిద్దకండి."

ఈ గొడవ పత్రికలకెక్కుతుందని వణుకుతున్న ఫెర్గస్ హమ్మయ్య అనుకుని కేకు కోయించాడు. సభ కూడా ఆగలేదు. ఆవిడ ముందు వరుసలో కూర్చుని, తన గురించి చెప్పిన మంచిమాటలన్నీ తలూపుతూ వింది. మర్నాడు లారిసా ఉద్యోగం ఖాయమైంది. ఆ కాగితం చేతికందాక ఆమె ప్రాణం ఎంత తేలికపడిందంటే, మైనస్ ముప్పై చలిలో టోపీ మరిచిపోయి ఇంటికి నడిచింది.

డిసెంబరు రాగానే ఒప్పందాల విభాగం కొత్త రికార్డు ప్రకారం చిరునామా సరిచేసి, రాతప్రతి ఎప్పుడిస్తారని స్వర్గీయ థోర్వాల్డ్‌సన్ వారసులకు ఉత్తరం రాసింది.