ఎర్ర లైటుకు బొట్టుబిళ్ళ

పాల్మాకుల గోవర్ధన్ పాత కారు కొన్నాడు. "మెకానిక్‌కు చూపిచ్చి కొను" అని భార్య మంజుల మొత్తుకుంటే, "నాకు తెల్వదా?" అన్నాడు. మగవాళ్ళం కదా, అన్నీ తెలిసే పుడతాం!

వారం తిరక్కముందే, ఇంజన్ను చల్లబరిచే కూలెంట్ తగ్గిందని డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. చెబితే మంజుల గెలుస్తుంది. అందుకని ఆమె బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి లైటు మీద అంటించాడు. రోగం కుదిరింది!

మర్నాడు మంజులకు ఎయిర్‌పోర్టు కార్గోలో ఇంటర్వ్యూ. పెళ్ళయ్యాక మొదటి కొలువు. "పదింటికి లోపలుండాలె" అంది.

కారెక్కగానే బొట్టు చూసింది.

"గిదేంది?"

"బండికి పూజ చేసిన."

"పూజకు కుంకుమ వెడ్తరు. స్టిక్కర్ వెడ్తరా?"

"కుంకుమ రాలుతది. గిది గట్టిగుంటది."

శంషాబాద్ చేరేసరికి బానెట్ ఇడ్లీపాత్రలా ఆవిరి కక్కింది. గోవర్ధన్ కారు ఆపి దిగి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

మంజుల లాగేసింది. "మసిలే నీళ్ళు మొహం మీద చిమ్ముతయి! సల్లారనియ్యి."

"మరి నీ ఇంటర్వ్యూ..." గోవర్ధన్ వాచీ చూసుకున్నాడు. తన పరువు కోసం ఆమె కొలువు తగలేశాడు. "తప్పు నాదే, మంజులా. ఆ బొట్టు కింద లైటుంది."

"తెల్సు."

"ఎట్ల?"

"వాకిట్ల ముగ్గేసేది ఎవరు? నేను తెల్లముగ్గేస్తే, నీ బండి ఆకుపచ్చ కూలెంట్ కార్చి రంగు నింపుతున్నది! 'పండుగ లేదు పబ్బం లేదు, రంగులేందే?' అని పక్కింటి రుక్కమ్మక్క అడగవట్టె."

డిక్కీలోంచి తను ముందే పెట్టుకున్న కూలెంట్ డబ్బా, స్క్రూడ్రైవర్ తీసింది. ఇంజను చల్లారాక వదులైన పైపు క్లిప్పు బిగించి, గీత దాకా కూలెంట్ పోసింది.

"పది దాటింది" అన్నాడు ఏడుపు మొహంతో.

"ఇంటర్వ్యూ పదకొండింటికి. నీ బండి ఎక్కేటోళ్ళు అసలు టైము చెప్తరా?"

చెమటలు కారుతున్న అతని నుదురు కొంగుతో తుడిచింది. ఎంత మంచి మనిషి, అనుకున్నాడు.

ఎయిర్‌పోర్టు దగ్గర గేటు కాపలావాళ్ళు, చాయ్ అమ్మే ఆమె, అందరూ అతన్ని చూసి నవ్వారు. కారు నచ్చిందనుకుని తనూ నవ్వాడు.

ఇంటర్వ్యూ ముగించుకుని మంజుల ఎగురుకుంటూ వచ్చింది. "సోమవారం నుంచి రమ్మన్నరు! ఇగ రోజూ దింపాలె. ముందుగాల మెకానిక్ దగ్గరికి నడువు."

"నాకు తెల్వ..." అంటూ అద్దంలో చూసుకున్నాడు. లైటు మీద ఉండాల్సిన ఎర్రటి బొట్టుబిళ్ళ తన నుదుటి మీద!

తీయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. లోపల ఏ లైటు వెలుగుతున్నదో ఎవలకూ కనవడొద్దు గద!"