మర్యాదగల గుండెనొప్పి

"అత్యవసర వైద్యం ముందు రాజు లేడు, పేద లేడు! అక్కడ ఎవరి ప్రాణానికి ముప్పు ఎక్కువో వాళ్లే ముందు!"

మిర్యాలగూడలో ఓ సర్కారు దవాఖాన ఆవరణలో, షామియానా కింద, రైసుమిల్లు యజమానీ వర్తక సంఘం అధ్యక్షుడూ అయిన రామలింగం ఈ మాట ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టనివాళ్లు ఇద్దరే. ఒకరు, అదే సమయంలో వార్డులోకి పరుగెడుతున్న నర్సు. రెండోవారు ఆయన భార్య కన్యక. ముందు వరుసలో కూర్చున్న ఆమె చేతుల నిండా భర్తకు కప్పిన శాలువాలున్నాయి.

ఎమర్జెన్సీ గది ముందు జనం నిలబడి అవస్థపడుతున్నారని సంఘం తరఫున ఇనుప బెంచీలు ఇచ్చిన సందర్భమది. ప్రతి బెంచీ వీపు మీదా రామలింగం పేరు రాయించారు. అక్షరాలు ఎంత పెద్దవంటే, రోగి చదవలేకపోతే అది కళ్ల జబ్బేనని తేల్చేయవచ్చు. ఆ దవాఖాన మీద ఆయనకు అపారమైన గౌరవం. ఆ గౌరవం కొద్దీ ఏనాడూ దాని గడప తొక్కలేదు. తుమ్ము వచ్చినా హైదరాబాద్ పోయేవాడు.

సభ తర్వాత విందు జరిగింది. దాతలు మొహమాటపడకూడదని మిరపకాయ బజ్జీలు, పూర్ణాలు, పెరుగు వడలు వరసగా వడ్డించారు. రామలింగం మొహమాటపడలేదు. ఇంటికి బయల్దేరి కారు బజారు దాటిందో లేదో ఛాతీ పట్టేసినట్టయింది. డ్రైవరు హైదరాబాద్ రోడ్డెక్కమంటారా అని అడిగాడు. అంతదాకా ప్రాణం ఆగుతుందో లేదోనన్న అనుమానంతో, దగ్గరున్న చోటికే పోనిమ్మన్నాడు రామలింగం. కారు మళ్లీ ఆ దవాఖాన ముందే ఆగింది. షామియానా గుంజలు ఇంకా పీకుతూనే ఉన్నారు.

తనను చూడగానే అందరూ లేచి నిలబడతారనుకున్నాడాయన. దీప్తి అనే నర్సు లేచే ఉంది గానీ, అది కూర్చునే తీరిక లేక. ఎక్కడ నొస్తోంది, ఎప్పటినుంచి, ఏం తిన్నారు అని అడిగింది. మూడో ప్రశ్న ఆయనకు అవమానంగా తోచింది. వెంటనే పడుకోబెట్టి ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరు మౌనిక ఆ కాగితం చూసి, గుండె బాగానే ఉందనీ, గ్యాస్ కావచ్చనీ, అయినా రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా బయట కూర్చోమనీ, నొప్పి ఎక్కువైతే వెంటనే పిలవమనీ చెప్పింది.

"బయట ఎక్కడ కూసోవాలె?" అన్నాడు రామలింగం గంభీరంగా.

"బెంచీలున్నయి సార్. పొద్దున్నే వచ్చినయి," అంది దీప్తి.

ఆయన పోయి తన పేరు మీద కూర్చున్నాడు. పక్కన కన్యక కూర్చుంది. ఇంతలో దామరచర్ల దిక్కు తండా నుంచి హరిలాల్ అనే యువకుడు తన తల్లిని చేతుల మీద మోసుకొచ్చాడు. పత్తి చేలో ఆమెను పాము కరిచింది. ఆమె పేరు భూలి. పేరైనా పూర్తిగా వినకుండానే నర్సు ఆమెను లోపలికి తీసుకుపోయింది. రామలింగం లేచి, తాను ముందు వచ్చానని గుర్తుచేశాడు. ముందొచ్చినవాళ్లు ముందు కాదనీ, ఆ సంగతి పొద్దున మైకులో తామే సెలవిచ్చారనీ దీప్తి వినయంగా మనవి చేసింది.

ఇలాంటి అన్యాయం జరిగినప్పుడు పౌరుడు చేయవలసిందేమిటో రామలింగానికి తెలుసు. ఓ నాయకుడికి ఫోన్ చేశాడు. నాయకుడి మనిషి డాక్టరుకు ఫోన్ చేశాడు. డాక్టరు ఉన్నమాట చెప్పింది. ఆ మనిషి తిరిగి రామలింగానికి ఫోన్ చేసి, "అన్నా, నీకేం కాలేదట. మస్తు సంతోషం," అన్నాడు.

జీవితంలో అంత అవమానం ఆయనకెన్నడూ జరగలేదు. ఏమీ కాకపోతే ఎలా? దారిలోనే సంఘం కార్యదర్శి తిరుమలేష్‌కు ఫోన్ చేసి, తనకు గుండె పట్టేసిందని చెప్పాడాయె. తిరుమలేష్ ఆ కబురు సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెద్దమనుషులందరూ సాయంత్రం పళ్లు పట్టుకుని వస్తామన్నారు. వాళ్లొచ్చేసరికి అధ్యక్షుడు బెంచీ మీద కూర్చుని తేన్చుతూ కనిపిస్తే సంఘం పరువేం కావాలి? గ్యాస్ నొప్పి గుమాస్తాలకు వస్తుంది. అధ్యక్షుడి హోదాకు కనీసం ఓ మంచమూ, ముక్కులో ఓ గొట్టమూ ఉండాలి.

ఆయన భార్య వైపు వంగి, లోపలికి పోయి తనకు ఆయాసం ఎక్కువైందని చెప్పమన్నాడు. కన్యక ఆగి ఆగి లేచింది. ఆమె చేతిలోని నీళ్ల సీసా జారి కిందపడింది. నలుగురిలో నవ్వులపాలు చేయొద్దని ఆయన పళ్లు బిగబట్టి గదమాయించాడు. ఆమె గోడ పట్టుకుంటూ నడిచింది. రామలింగం కళ్లు మూసుకుని, ఛాతీ మీద చెయ్యేసుకుని, మూలుగు ఏ స్థాయిలో మొదలుపెట్టాలా అని ఆలోచించసాగాడు.

కొంతసేపటికి చక్రాల చప్పుడైంది. తనకోసమేననుకుని ఓ కన్ను తెరిచాడు. ఇద్దరు మనుషులు ఎవరినో స్ట్రెచర్ మీద ఎమర్జెన్సీ గదిలోంచి వార్డులోకి తోసుకుపోతున్నారు. ఓ చీర కొంగు అంచు మీంచి వేలాడుతోంది. ఆయన ఓర్పు నశించింది.

"మళ్ల ఎవర్ని తీస్కపోతుండ్రు? నేను వచ్చినంక వచ్చినోళ్లను గిట్ల ముందల వెట్టుడు ఏం పద్ధతి?"

"మీ ఎనకనే వచ్చింది సార్. మీ ఇంటామెనే," అంది దీప్తి, ఆగకుండా.

జరిగింది ఇది. భర్త ఆయాసం గురించి చెప్పడానికి వెళ్లిన కన్యక మాట పూర్తి చేయలేకపోయింది. ముఖం నిండా చెమట, ఎడమ చెయ్యి ఒంటికి అదిమిపెట్టుకుని ఉంది. దీప్తి వెంటనే పడుకోబెట్టి ఈసీజీ తీసింది. గుండెపోటు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్ సిద్ధం చేస్తూ డాక్టరు మౌనిక రామలింగాన్ని లోపలికి పిలిచింది. ఈమెకు బీపీ ఉందా, షుగర్ ఉందా, ఏం మందులు వాడుతుంది, నొప్పి ఎప్పుడు మొదలైంది అని అడిగింది.

ఏ విషయం మీదైనా అప్పటికప్పుడు గంట మాట్లాడగల మనిషి భార్య ముఖం వైపు తిరిగాడు. జవాబు మంచం మీదనుంచి వచ్చింది.

"పొద్దున ఆయన మాట్లాడుతున్నప్పుడే మొదలైంది డాక్టరమ్మా. నడుమ లేస్తే బాగుండదని కూసున్న."

డాక్టరు ఆయన వైపు ఒక్కసారి చూసి, తన పనిలో పడింది. రామలింగం బయటికొచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ఛాతీలో పట్టు ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. వచ్చేపోయేవాళ్లకు దారిస్తూ, ఎవరినీ తన పేరు చెప్పి ఆపకుండా, సాయంత్రందాకా అలాగే నిలబడ్డాడు. ప్రమాదం తప్పిందని డాక్టరు వచ్చి చెప్పినప్పుడు, తన పేరున్న బెంచీ మీద కూలబడి కండువాలో ముఖం దాచుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఆయన వేరే మనిషి అయ్యేవాడేమో. కానీ పెద్దమనుషులు పళ్లతో దిగారు. మంచం మీద ఉండవలసిన అధ్యక్షుడు బయట ఉన్నాడు, లోపల ఆయన భార్య ఉంది. లెక్క కుదరక వాళ్లు తికమకపడ్డారు. తిరుమలేష్ మాత్రం తడబడలేదు.

"వదినకు గుండెనొప్పి వస్తదని అన్న గుండెకు ముందే ఎరుకైంది. అందుకే జల్ది దవాఖానకు తెచ్చిండు. వదిన పానం కాపాడిండు," అని తేల్చాడు.

కాదని చెప్పడానికి రామలింగం నోరు తెరిచాడు. నిజంగానే తెరిచాడు. ఈలోగా ఎవరో ఆయన భుజాల మీద శాలువా కప్పారు. శాలువా పడగానే ఆ నోటికి ఒకే రకం మాటలు అలవాటు.

"మన ధర్మం మనం చేసినం," అన్నాడు.

మర్నాడు ఆయన ఉత్సాహంగా కన్యక మంచం దగ్గరికొచ్చాడు. హైదరాబాద్‌లో ఏసీ గది మాట్లాడాననీ, ఆదర్శ దంపతులుగా సంఘం తమకు సన్మానం తలపెట్టిందనీ, చూడవచ్చేవాళ్ల కంటికి ఈ వార్డు ఏం బాగుంటుందనీ చెప్పుకొచ్చాడు. కదిలించడానికి ఇంకా రెండు రోజులు ఆగాలన్న డాక్టరు మాట మాత్రం చెప్పలేదు. పక్క మంచం మీద వాచిన కాలితో భూలి పడుకుని ఉంది. పెద్దమనుషులు తెచ్చిన బత్తాయిలను కన్యక ఆమెకు ఒలిచి ఇస్తోంది.

చివరి తొన కూడా భూలి చేతిలో పెట్టి, కన్యక భర్త వైపు తిరిగింది.

"సన్మానం మీరు చేయించుకోండ్రి. డాక్టరమ్మ పొమ్మన్న దినం పోత. అందాంక గీడనే ఉంట. గీడ నన్ను ఎక్కడ నొస్తుందని అడుగుతుండ్రు."