గుడ్డ మీద సుంకం

ఆ ఉదయం ఇల్లాలి ఆలోచన చాలా సులువైనది. పెరటి షెడ్డులో తాను చేసిన కొయ్యబొమ్మలకు చివరి గౌన్లు తొడిగి, పెట్టెలు బిగించి, సాయంత్రం లారీ ఎక్కించడం. విదేశం నుంచి వచ్చిన మొదటి బేరం. సరుకు సవ్యంగా చేరితే ఏడాది పొడుగునా తీసుకుంటానని అక్కడి కొట్టు యజమాని మాటిచ్చాడు.

టీ తాగుతుండగా ఎగుమతి ఏజెంటు ఫోన్ చేశాడు.

"మేడమ్, అక్కడి అధ్యక్షుడు కొత్త ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. గుడ్డ ఉన్న సరుకుకి సుంకం రెట్టింపు. అంత కట్టాలంటే సరుకే దించుకోనంటున్నాడు కొట్టాయన."

"ఒట్టి కొయ్యకో?"

"దానికి పాత సుంకమే."

"అయితే బట్టలు విప్పేస్తాం," అందామె, ఇది కూడా ఒక సమస్యేనా అన్నట్టు.

భర్త ఆఫీసుకు సెలవు పెట్టేశాడు. "ఇలాంటివి నాకొదిలెయ్. రోజూ చేసే పనే." ఆఫీసులో ఆయన ఏం చేస్తాడో ఆమెకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు.

అత్తగారు షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒరేయ్, ఆడపిల్లల బొమ్మలురా అవి. ఒంటి మీద నూలుపోగు లేకుండా ఓడెక్కిస్తావా?"

"ప్రభుత్వ ఉత్తర్వమ్మా."

"ఏ ప్రభుత్వంరా సిగ్గు విడవమంది?"

గౌన్లు మెడ దగ్గర జిగురుతో అంటించినవి. లాగితే రంగు ఊడింది. కొత్త రంగు వేస్తే ఆరలేదు. ఆరడానికి భర్త ఫ్యాను తిప్పితే, మూలనున్న రంపపు పొట్టు లేచి తడి మెడల మీద వాలింది. బొమ్మలన్నిటికీ గడ్డాలు మొలిచాయి. ఇల్లాలు ఒక్కొక్కదాన్నీ గీకి, మళ్లీ రంగు వేసి, ఎండలో పెట్టింది. ఈలోగా భర్త, తనిఖీకి వచ్చినవాళ్ల కంట పడకూడదని, గౌన్లన్నీ మూటగట్టి వీధి చివరి కార్ల గ్యారేజీకి తుడుపుగుడ్డలుగా ఇచ్చేశాడు.

"మీరెళ్లి తినండి. పెట్టెలు నే సర్దుతా," అంది అత్తగారు. ఆమె అంత తొందరగా దారికి రావడం కోడలికి కొంచెం వింతగానే తోచింది.

లారీ హారన్ మోగుతుండగా మళ్లీ ఏజెంటు. "అక్కడి బట్టల కొట్లవాళ్లు గోల చేశారట మేడమ్. సుంకం గుడ్డ మీద తీసేసి ఒట్టి కొయ్య మీద వేశారు. బట్టలేసిన బొమ్మైతే పర్లేదు."

"ఏవండీ, గౌన్లేవి?"

"గ్యారేజీలో కార్లు తుడుస్తున్నాయి," అన్నాడాయన నేల చూస్తూ.

ఏడాది బేరం కళ్లముందే కరిగిపోతుంటే ఆమె ఒక పెట్టె మూత పెకలించింది. లోపల బొమ్మలన్నీ చారల గౌన్లు వేసుకుని బుద్ధిగా పడుకుని ఉన్నాయి.

"చొక్కా చేతిని అడ్డంగా కోస్తే నాలుగు గౌన్లొస్తాయి," అంది అత్తగారు. "మెడ దగ్గర దారం లాగితే కుచ్చులు. ఆడపిల్లల్ని అట్లా గడప దాటించే ఇల్లు కాదు మనది."

కోడలు ఒక గౌను తిప్పి కుట్టు చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఫొటో తీసి పంపితే, ఇకమీదట చారల గౌన్లే కావాలని కొట్టు యజమాని బదులిచ్చాడు.

"ఎవరి చొక్కాలమ్మా?" అన్నాడు భర్త. లారీతో రేవుకు వెళ్లాల్సింది ఆయనే కాబట్టి చొక్కా మార్చుకోడానికి లోపలికి వెళ్లి అలమారా తెరిచాడు. ఇస్త్రీ నలగకుండా వరుసగా వేలాడుతున్నాయి, చేతులు లేకుండా.

చేతుల్లేని చొక్కాల మీద ఇప్పటిదాకా ఏ దేశమూ సుంకం వేయలేదు.